గడ్డిలో మగ్గిన ఆపిల్

కొండూళ్లో సోములమ్మ పెరటి ఆపిళ్లు భలే తీపని విని, దొర మనుషుల్నీ పలుగుల్నీ వేసుకుని దిగాడు. "నిజంగా తీపైతే చెట్టు పెకలించి నా తోటలో నాటించుకుంటా!"

"తమరే రుచి చూడండి దొరా" అని సోములమ్మ చెట్టు మీది కాయే కోసిచ్చింది.

కొరగ్గానే దొర మూతి అష్టవంకర్లు పోయింది. "థూ! ఈ పులుపు నువ్వే తిను!" అని వెళ్లిపోయాడు.

సోములమ్మ నవ్వుకుంటూ అటకెక్కి, నెల కిందట కోసి గడ్డిలో మగ్గేసిన కాయ ఒకటి కొరికింది. ఎంత తీపో! అంతలోనే నవ్వు ఆగిపోయింది.

ఆ చెట్టు నాటిన మొగుడూ మొదటి కాపు ఇలాగే చెట్టు మీంచి కోసుకు తిన్నాడు. "ఇన్నేళ్ల చాకిరీకి పులుపే మిగిలిందే సోములూ" అంటూనే ఆ ఏడు పోయాడు.

గడ్డిలో మగ్గేస్తే తీపెక్కుతాయని ఆమెకి తెలిసింది ఆ మరుసటేడు.