తీగలరేవు చెమ్మతల్లి

పూర్వం, తూర్పు దీవులకు సరుకు మోసే ఓడలు తీగలరేవులో లంగరు వేసే కాలంలో, పైడయ్య అనే దారుశిల్పి పనసమానుతో సముద్రాభిముఖంగా నిలిచే అమ్మవారిని చెక్కాడు. ఎంత దివ్యంగా మలిచినా, ఉప్పుగాలికి వేసిన రంగు వేసినట్టే పెచ్చులూడిపోయేది. జపాను దీవుల్లో ఒక చెట్టు పాలు పూసిన కొయ్యగిన్నెలు తరతరాలు చెక్కుచెదరవని నావికుల నోట విని, ఆ పూత తెచ్చాకే అమ్మను ప్రతిష్ఠిస్తానని భార్య దాలమ్మకు మాటిచ్చి, ఓడ వడ్రంగిగా కుదిరి వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు రాలేదు. చాన్నాళ్ళకు, దాలమ్మకు వరసకు మావ అయ్యే నూకయ్య అనే నావికుడు మాత్రం మూతికి మైనం పెట్టిన వెదురుబొంగు ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అక్కడ కల్లు గీసినట్టు మానుకు గాట్లు పెట్టి, బొంగులోని ఈ చెట్టుపాలను బొట్టుబొట్టుగా పడతారనీ, పల్చగా పూయాలనీ, పచ్చిగా ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుందనీ, పైడయ్య వెనకాల ఓడలో వస్తాడనీ చెప్పాడు. భర్త చేయి తగిలిన బొంగు కదా, దాలమ్మ దాన్ని గుండెకు హత్తుకుని చాలాసేపు వదల్లేదు.

ఆమె భక్తితో పూత పూసి, అమ్మను ఎండలో నిలబెట్టి, భర్త ఓడ తెరచాప కనిపిస్తుందేమోనని రేవుకు పోయి కూర్చునేది. వేసవి గడిచిపోయింది గాని పూత ఆరలేదు. కొబ్బరిపీచు సెగ పెట్టినా జిగురు జిగురుగానే ఉండి, ఈగలు ముసిరాయి. అమ్మవారికి బెల్లప్పాకం పోసినావేటే అని ఇరుగుపొరుగు నవ్వారు. ఆ ఏడాది పడవలు బోల్తాపడేసరికి నవ్వు కాస్తా భయమైంది. రేవు పెద్ద కూర్మినాయుడు చెడ్డవాడేమీ కాడు. అయినా, అమ్మకు ఈ రూపం ఇష్టం లేదేమో, పున్నమికి రాతిమూర్తిని నిలిపి దీన్ని సముద్రంలో కలిపేద్దామని మెత్తగానే తీర్పు చెప్పాడు. దాలమ్మకు మాత్రం నీళ్ళపాలయ్యేది కొయ్య కాదు. ఆ ఎడమ భుజం మీద ఉలి జారిన గాటు పడిన రోజు, పైడయ్య నాలుక కరుచుకుని తనవైపు చూసిన చూపు ఆమెకు ఇంకా గుర్తే.

పున్నమి ముందురోజు తొలకరి విరుచుకుపడింది. రేవులో తడిసి ముద్దయి ఇల్లు చేరిన దాలమ్మ, కడసారిగా ఆ గాటు మీద అరచేయి ఆనించి, ఎగిరే ఇసుక అంటకుండా అమ్మ మీద పెద్దగంప బోర్లించి, వేరే గుడ్డ లేక, విడిచిన తడిచీరనే దానిపైన కప్పింది. తెల్లవారి విగ్రహాన్ని తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు గంప ఎత్తి నిశ్చేష్టులయ్యారు. పూత రాయిలా గట్టిపడి, నల్లని నిండుబావి నీళ్ళలా మెరుస్తూ ఉంది. ఆ మెరుపులో దాలమ్మకు తన ముఖమూ, వెనక వాకిట్లోంచి సముద్రమూ కనిపించాయి. తెరచాప మాత్రం లేదు.

అందరూ మొక్కుతుంటే నూకయ్య దాలమ్మ దగ్గరకు వచ్చాడు. "తడిగుడ్డల చాటున పెడితేనే ఆరుతాదని పైడయ్య చెప్పమన్నాడే కోడలా. తడిస్తే ఆరేదేటి, నవ్విపోతారని నేనే మింగేసినాను."

దాలమ్మ బొబ్బలెక్కిన చేతిని చూసుకుంటూ అడిగింది. "ఇంకేటి మింగినావు మావా?"

నూకయ్య తల దించుకున్నాడు. "అమ్మ ఆరిందాకా పక్కనే కూర్చోమను, నేనూ తన పక్కన కూర్చున్నట్టే అనుకోమను అన్నాడు. ఆడమనిషితో చెప్పే మాటేనా అని సిగ్గేసింది."

 దాలమ్మ వెళ్ళి అమ్మ పక్కన కాస్త చోటు వదిలి కూర్చుంది. పైడయ్య ఓడ ఏనాటికీ రాలేదు. ఆమె ఆ చోటులో ఎవరినీ కూర్చోనివ్వలేదు.

నాటినుంచి ఆ తల్లి చెమ్మతల్లిగా వెలసింది. ఈనాటికీ గర్భగుడిలో నిప్పు వెలిగించరు. తొలకరినాడు, ఇంటి మగవాళ్ళు సముద్రం మీదికి వెళ్ళిన ఆడవాళ్ళు తడిచీరలు తెచ్చి గుడి చుట్టూ తెరలు కట్టి, పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చుంటారు. అమ్మ ఎడమ భుజం మీద అరచేతి ముద్ర నేటికీ కళ్ళకద్దుకోవచ్చు. దూరదేశం నుంచి కబురు తెచ్చినవాడు ఇంటికి పోకముందే గుడికి వచ్చి, చెప్పమన్న మాటంతా పొల్లుపోకుండా అమ్మకు వినిపించాలి. చెప్పడానికి సిగ్గేసే మాట ఏదైనా ఉంటే, అదే ముందు చెప్పాలి.