నాలుగో మంచం దుప్పటి

దానియేలు మాస్టారు అడిగినదానికి నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. ఏదో పని పురమాయిస్తారు. జవాబు అందులో దొరికితే సరే, దొరక్కపోతే మన ఖర్మ. భీమిలి దారిలో ఒక వృద్ధాశ్రమం ఉంది. అక్కడ నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బున్న ఆరుగురికి గాలి అందించే మిషన్లు ఆయన చేతికిందే ఉంటాయి. నీలవేణి ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నర్సు.

ఒక మధ్యాహ్నం ఆమెకి విసుగొచ్చింది. "మిషన్లు బంగారంలా నడుస్తున్నాయి మాస్టారూ. మాస్కులూ గొట్టాలూ రోజూ కడగాల్సిందేనా? నాలుగు రోజులు మానేశాను, ఏం కొంప మునిగింది?"

"అందరూ పడుకున్నారు. ఎలా ఉన్నారో చూసిరా అమ్మా" అన్నారాయన.

ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి విన్నది. ఆరు మిషన్ల చప్పుడూ సరిగ్గానే ఉంది. రిజిస్టర్లో ఆరు టిక్కులు పెట్టి తెచ్చి చూపించింది.

"ఇప్పుడు ఏదో ఒక మంచం దగ్గర కూర్చుని యాభై ఊపిర్లు లెక్కపెట్టు."

కిటికీ గాలి తగులుతుందని నాలుగో మంచం ఎంచుకుంది. అది పైడితల్లమ్మ గారిది. తలదాకా కప్పిన పల్చటి దుప్పటి లేస్తోంది, దిగుతోంది. ముప్పై దాటేసరికి నీలవేణికి ఒళ్లు జలదరించింది. దగ్గు లేదు, కదలిక లేదు. ఒక్క ఊపిరైనా ముందూ వెనకా కావడం లేదు. మనిషన్నవాళ్లు ఇంత లెక్కగా పీలుస్తారా?

"మామ్మగారూ!"

దుప్పటి లేచింది. దిగింది. భుజం ఉండాల్సిన చోట చెయ్యి వేస్తే ఎముక తగల్లేదు. దుప్పటి లాగేసింది. దిండు! మాస్కు దానికి పట్టీలతో బిగించి ఉంది. గాలి బయటికి పోకుండా అదిమి కట్టడంతో అలారం కూడా మోగలేదు.

"అయ్యబాబోయ్, మనిషేదీ!"

పైడితల్లమ్మ గారు వరండాలో పడక్కుర్చీలో నిద్రపోతున్నారు. నోరు తెరుచుకునే ఉంది, ఛాతీ మాత్రం ఆడటం లేదు. పెదాలు నల్లబడ్డాయి. నీలవేణి పైప్రాణాలు పైనే పోయాయి. భుజాలు పట్టి ఊపింది, చెంపలు తట్టింది. చివరికి పెద్దావిడ నీళ్లలోంచి తేలినట్టు గుర్రుమని గాలి పీల్చింది.

"తిట్టకే తల్లీ. ఆ మాస్కు కంపు భరించలేకపోయాను. నువ్వు విసుక్కుంటావని చెప్పలేదు."

నీలవేణి ఏడుస్తూ లోపలికొచ్చింది. మాస్టారు సబ్బునీళ్లు కలుపుతున్నారు. ఆమె రిజిస్టర్ తెరిచి నాలుగో టిక్కు కొట్టేయబోయింది.

"ఉండనీ అమ్మా," అన్నారాయన తలెత్తకుండా. "దిండు నిక్షేపంగానే ఉందిగా."