మిరియానికి ఇల్లు దొరికింది

ఇలా దగ్గరికి జరుగు చిట్టితల్లీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఇక విను.

అనగనగా సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో, ఊరి చివర, దిక్కులేని కుక్కల కోసం ఒక ఆశ్రమం ఉండేది. దెబ్బలు తగిలినవీ, పెంచినవాళ్ళు వదిలేసి పోయినవీ అన్నీ అక్కడే ఉండేవి. వకుళ అని ఒకమ్మాయి బ్యాంకులో పని చేసేది. ఆదివారం వస్తే చాలు, పాత బట్టలు వేసుకుని అక్కడికి వెళ్ళిపోయేది. జీతం లేదు, రమ్మన్నవాళ్ళూ లేరు. కుక్కలకు నీళ్ళు పోసేది, ఒంటికి పట్టిన గోమార్లు ఏరేది, వాటికి ఇళ్ళు వెతికేది.

ఆ కుక్కల్లో ఒకదాని పేరు మిరియం. నల్లగా, బొద్దుగా ఉండేది. పాపం, ఏ ఇంట్లోనూ నిలిచేది కాదు.

మొదట ఒక మాస్టారు తీసుకెళ్ళారు. పిలిస్తే రాదు, పొగరుబోతని తిరిగి ఇచ్చేశారు. ఆ తర్వాత బియ్యం కొట్టాయన తీసుకెళ్ళాడు. వీధిలో ఎంత గొడవైనా మొరగదు, కాపలాకు పనికిరాదని తెచ్చి దింపేశాడు. ఆ తర్వాత ఒక కొత్త జంట తీసుకెళ్ళారు. వెనక నుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి పళ్ళు చూపించిందట. వాళ్ళూ తెచ్చేశారు.

అప్పుడు మిరియం గోడవైపు తిరిగి పడుకుంది. పాలన్నం పెట్టినా మూతి తిప్పేసుకుంది. పక్కన కూర్చుని నిమురుతుంటే వకుళకు ఏడుపొచ్చింది. ఇంతలో రోడ్డు మీద పెళ్ళి ఊరేగింపు వచ్చింది. టపాకాయలు పేలాయి. మిగతా కుక్కలన్నీ హడలిపోయి మూలల్లో దూరాయి. మిరియం చెవి కూడా కదల్లేదు.

అప్పుడు తెలిసింది వకుళకు. అది పొగరు కాదు, దానికి వినపడదు.

ఆ తర్వాత వకుళ దానికి సైగలు నేర్పింది. అరచెయ్యి చూపిస్తే ఆగాలి. వేళ్ళు ముడిస్తే రావాలి. నోటి దగ్గర చెయ్యి పెడితే అన్నం. ఆ అన్నం సైగ మాత్రం అన్నిటికంటే ముందు వచ్చేసిందిలే.

అలా ఉండగా హైస్కూల్లో కుక్కల మేళా పెట్టారు. నచ్చిన కుక్కను ఇంటికి తీసుకెళ్ళి పెంచుకోవచ్చు. మిరియానికి వినపడదని వకుళ దాచకుండా చెప్పింది. విన్నవాళ్ళంతా జాలిపడి పక్కకు పోయారు.

అప్పుడు నూకాలు వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. ఆవిడకూ పుట్టు చెవుడే. మిరియానికి సైగలు చేస్తున్న వకుళ చేతులు చూసి అలాగే నిలబడిపోయింది. తనూ మెల్లిగా అరచెయ్యి చూపించింది. మిరియం ఆగింది. నూకాలు వేళ్ళు ముడిచింది. మిరియం వచ్చి ఆవిడ మోకాళ్ళకు తల ఆనించింది.

కానీ వెంట వచ్చిన నూకాలు వాళ్ళమ్మ ఒప్పుకోలేదు.

"ఇద్దరికీ వినపడకపోతే గుమ్మంలోకి ఎవరొచ్చారో ఎలా తెలుస్తుందమ్మా? నేను లేనప్పుడు నా కూతురి గతేంటి?"

వకుళ చుట్టూ చూసింది. అక్కడ నాటకాలాడే చెక్క వేదిక ఉంటే, మిరియాన్ని దానిమీద పడుకోబెట్టి, నూకాలును పక్కన కూర్చోబెట్టింది. "పిన్నీ, వెనక నుంచి చప్పుడు కాకుండా రండి" అంది.

ఆ పెద్దావిడ చెప్పులు విప్పి పిల్లిలా నడిచింది. సగం దూరం రాలేదు, చెక్క అదురు ఒంటికి తగిలి మిరియం లేచింది. నూకాలు కొంగు పట్టి లాగి, వాళ్ళమ్మవైపు తిప్పింది. ఆవిడ ఎడమవైపు నుంచి వచ్చి చూసింది. మిరియం మళ్ళీ కొంగు లాగింది. ఆవిడ కుడివైపు నుంచి పాక్కుంటూ వచ్చింది. అప్పుడూ లాగింది.

ఇంక ఆవిడ నవ్వుతూ అక్కడే కూలబడింది. "దీన్ని దాటుకుని ఎవడొస్తాడు? పదవే, ఇంటికి పోదాం" అంది.

జనం చప్పట్లు కొట్టారు. అవి నూకాలుకు వినపడవు కదా? అందుకని వకుళ రెండు చేతులూ పైకెత్తి ఊపింది. అది చూసి అందరూ ఊపారు. మైదానం నిండా చేతులే. వాటిని చూస్తూ నూకాలు పకపకా నవ్వింది, మిరియం తోక ఆగకుండా ఊగింది.

ఆ తర్వాత కుంటి కుక్కనూ, ముసలి కుక్కనూ కూడా అడిగి మరీ తీసుకెళ్ళారు. సాయంత్రానికి మేళాలో ఒక్క కుక్కా మిగల్లేదు. వకుళ ఖాళీ గొలుసులు భుజాన వేసుకుని, యుద్ధం గెలిచిన రాణిలా నడిచి వెళ్ళింది.

కథేమో కదిలింది కంచికి,
మిరియమేమో చేరింది ఇంటికి,
నిద్దరేమో వచ్చింది మా చిట్టి కంటికి.