రెండో లంగరు

తన పనిలో లోపముందంటే చెవిన పెట్టని ఎల్లాజీ అనే కుర్ర ఇంజనీరు నీలంరేవులో ఉండేవాడు.

ఏ పడవ వేటకు వెళ్లింది, ఏది తిరిగొచ్చింది అని చెప్పే ప్రోగ్రాం అతనే రాశాడు. రేవు ఆఫీసులో అరచేతిలో పట్టేంత పెట్టె, అందులో ఒక్కటే ఫైలు. పడవలు ఆగే మెట్ల దగ్గర కాపలావాళ్లు ఫోన్లో నొక్కితే చాలు, వివరం అందులో చేరేది. "పెద్ద సర్వరు లేదు, ఏసీ గది లేదు. పిట్ట కొంచెం, కూత ఘనం!" అని ఎల్లాజీ మీసం మెలేసేవాడు. చూసినవాళ్లు నవ్వేవారు. నిజం చెప్పొద్దూ, గర్వపడదగ్గ పనే అది.

పడవల సంఘానికి పెద్ద అతని అక్క నూకాలమ్మ. "ఒరే, మన నాన్న రెండో లంగరు లేకుండా ఏనాడైనా వేటకెళ్లాడా? మరి నీ పెట్టెకి రెండోది ఏదిరా?" అని అడిగింది.

"నా పెట్టె ఆగదక్కా! నువ్వు దిష్టి పెట్టకు," అన్నాడు ఎల్లాజీ.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను హెచ్చరిక వచ్చింది. పడవలన్నీ ఒక్కసారే ఒడ్డుకు ఉరికాయి. కాపలావాళ్లంతా ఒకేసారి ఫోన్లు నొక్కారు. ఆ ఫైలులో ఒకరు రాస్తుంటే ఇంకొకరు రాయడానికి లేదు. రోజూ ఒకటీ అరా వచ్చే పడవలకు అది సరిపోయేది. ఇవాళ మాత్రం ఎవరి ఫోన్లో చూసినా 'తాళం పడింది, ఆగండి' అన్న మాటే. అంతలో కరెంటు ఒక్కసారిగా ఎక్కువై పెట్టె కాస్తా మాడిపోయింది. ఇంకేముంది, కొంప మునిగింది!

"రాని పడవ ఏది? ఎటు వెళ్లింది?" అని రక్షణ ఓడవాళ్లు వైర్‌లెస్‌లో అడుగుతున్నారు. చెప్పాల్సిన వివరాలన్నీ పెట్టెతోపాటే పోయాయి. నూకాలమ్మ మొహం పాలిపోయింది. ఆ జనంలో తన భర్త పోలిరాజు వచ్చాడో లేదో ఆమెకే తెలియదు.

ఎల్లాజీ వానలో ఇసుక మీద పరుగెత్తాడు. ప్రతి పడవనూ పేరు పెట్టి కేకేశాడు. అన్నిటి నుంచీ "ఓయ్!" అని జవాబు వచ్చింది, బావ పడవ నుంచి తప్ప. "ఉప్పుదిబ్బ వైపు వల వేశాడు," అని పక్క పడవవాళ్లు చెప్పారు. ఆ మాట వైర్‌లెస్‌లో అందగానే రక్షణ ఓడ అటు వెళ్లింది. పోలిరాజు మొదటి లంగరు తాడు అప్పటికే తెగిపోయింది. పడవ రెండో లంగరు మీదే నిలిచి ఉంది.

ఒడ్డుకు చేరిన బావను వాటేసుకుని ఎల్లాజీ ఏడ్చేశాడు. "నీ లంగరు నిన్ను కాపాడింది బావా. నా పొగరు నిన్ను ముంచబోయింది."

అలాగని ఆ చిన్న ఫైలు పద్ధతిని అతను పారేయలేదు. ఆఫీసులో మాడినదాని బదులు కొత్త పెట్టె పెట్టాడు. రాతలన్నీ వరుసలో నిలబడి ఒకదాని వెనక ఒకటి చేరేలా చేశాడు. రేవుకు అవతలి కొసనున్న ఐసు ఫ్యాక్టరీలో, వేరే కరెంటు లైను మీద, ఇంకో పెట్టె పెట్టాడు. మొదటిదానిలో ఏది చేరినా వెంటనే దాని నకలు ఇక్కడా చేరేది. మొదటిది ఆగితే ఇది పని అందుకునేది. దానికి 'రెండో లంగరు' అనే పేరు పెట్టాడు.

మరుసటి తుఫానుకు ఆఫీసు పెట్టె మళ్లీ మాడింది. ఆ సంగతి రేవులో ఎవరికీ తెలియనే లేదు! పడవలన్నీ లెక్కకొచ్చాయి. "నా తమ్ముడు చేసిందిరా ఇది!" అని నూకాలమ్మ రేవంతా వినేలా అరిచింది. ఎల్లాజీ మళ్లీ మీసం మెలేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నీతి: చిన్నదని దేన్నీ తక్కువ చేయకూడదు. కానీ దాని హద్దు ఎరిగి, అది ఆగినా పని ఆగకుండా ముందే ఏర్పాటు చేసుకున్నవాడికే గర్వపడే హక్కు ఉంటుంది.