కాయలు కాసిన చేతులు

“పని పోయినవాడి పొయ్యి ఒక్క పూట కూడా చల్లారదు. పదిహేను రోజుల్లో జొన్నలు గుమ్మంలో ఉంటాయి. ఇది రాజుగారి మాట!”

ఒకానొక రాజ్యంలో, కోట గోడ పూర్తయి నలభై మంది రాతిపనివాళ్లను ఇంటికి పంపేసిన రోజున వేసిన దండోరా ఇది.

గుమ్మంలోకి ఏమీ రాలేదు. పదహారో రోజున బైరన్న అనే రాతిపనివాడు తనే రాజుగారి ధాన్యపు కొఠారుకు వెళ్లాడు. అక్కడ మంత్రి నరహరి కొత్త నియమం పెట్టి కూర్చున్నాడు. అరచేతులు చూపాలి. కాయలుంటే దొంగచాటుగా ఎక్కడో పని చేస్తున్నట్టే!

“ఇరవయ్యేళ్లు సుత్తి పట్టిన చేతులండీ. పక్షం రోజుల్లో నున్నబడతాయా?”

“నున్నబడ్డాకే రా.”

మాట ఇచ్చింది పొయ్యికి, పరీక్ష పెట్టింది చేతికి! తిండి భిక్ష కాదు, హక్కు అని ఎంత అరిచినా కొఠారు తలుపుకు చెవులుంటాయా? కాయలు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా బైరన్న భార్య చింతగింజలు ఉడకబెట్టింది. అవీ అయిపోయాక తాతనాటి ఉలులూ సుత్తీ గింజలకు మార్చుకున్నారు. మిగతావాళ్లదీ అదే గతి.

శ్రావణంలో జొన్నలు వచ్చాయి. ఆ వారమే వానకు ఉత్తరపు బురుజు కూలింది. పనికి రమ్మని కబురు!

బైరన్న సభకు వెళ్లాడు. “ప్రభూ, మీ ఆలస్యం మా పనిముట్లను తినేసింది. పరిహారంగా అవి ఇప్పించండి.”

“జొన్నలు అందాయిగా! ఇంకా పరిహారమేమిట్రా?” అని మంత్రి కసిరాడు.

“సరే, నా సంగతి వదిలేయండి. ఈ సభలో ఏళ్ల తరబడి పని లేని అభాగ్యుడు ఒకడున్నాడు. ముందు ఆయనకు జొన్నలు ఇప్పించండి.”

“ఎవరయ్యా?” అన్నాడు రాజు.

“మహామంత్రీ, ఒకసారి చెయ్యి చాపండి.”

వెన్నముద్దలాంటి చెయ్యి. ఒక్క కాయ లేదు. సభ కిసుక్కుమంది.

“నా పని బుర్రతో! చేతిలో ఎలా కనిపిస్తుంది?” మంత్రి రంకె వేశాడు.

“పని ఉండటమే చేతిలో కనిపించనప్పుడు, లేకపోవడం మా చేతుల్లో ఎలా వెతికారు స్వామీ?”

రాజు తన అరచేతిని ఓరగా చూసుకుని, గభాలున ముడిచి, పగలబడి నవ్వాడు. భుజం మీది శాలువా తీసి బైరన్నకు కప్పాడు. “భేష్! పనిముట్లు త్వరలో ఇప్పిస్తాం.”

“పంచాంగంలో ‘త్వరలో’ అనే తిథి లేదు ప్రభూ. శాలువాతో రాయి పగలదు. నలభై మందికీ ఉలులు ఇస్తారో లేదో భాద్రపద శుద్ధ దశమి పొద్దు గూకేలోగా చెప్పండి. అంతదాకా బురుజు అలాగే పడి ఉంటుంది.”