చల్లని గొట్టానికి నాలుగు కోట్ల డిగ్రీలు

ఒట్టేసి చెబుతున్నా, ఇది మీరు నమ్మరు. నమ్మరని తెలిసే చెబుతున్నా.

సముద్రం పక్కన ఒక ల్యాబుంది. అందులో గారె ఆకారంలో, ఇల్లంత ఇనప గొట్టం. దాని కడుపులో మంట పుట్టిస్తారు. ఎంత మంటంటారా? పక్కన నిలబెడితే సూర్యుడు చలేసి దుప్పటి కప్పుకుంటాడు! నవ్వకండి, నవ్వితే ఆపేస్తా. దాంట్లో థర్మామీటర్ పెడితే ఆవిరే. అందుకని ఆ మంటలోంచి వచ్చే ఎక్స్‌రేల్ని ఒక స్ఫటికం పలక మీద పడేసి, తెర మీద గీతలాగా చూస్తారు. వేడి ఎంతుంటే గీత అంత లావు.

ఆ గీత చూసేవాడు పరాంకుశం. "ఎనిమిది కోట్ల డిగ్రీలు!" అని ల్యాబంతా చాటాడు. అదే మంటని ఇంకో దారిలో కొలిచే శమంతక "నాలుగే" అంది.

వాడికి ఒళ్ళు మండిపోయింది. గురువు తాజుద్దీన్ సారు గదిలోకి తలుపు తోసుకుని వెళ్ళాడు.

"రేపు పెద్దాఫీసర్లొస్తున్నారు సార్. బోర్డు మీద నా అంకే ఉండాలి. ఆ శమంతకని పనిలోంచి తీసెయ్యండి. ఆమైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

"పలక సరిగ్గా ఉందా బాబూ?"

"ఆమె మనుషులు వేలు పెడతారని స్క్రూలన్నీ నేనే బిగించా. ఏనుగొచ్చి లాగినా కదలదు!"

సారు లేచొచ్చాడు. పెద్ద మంట ఆపించాడు. పలక ముందు బెత్తెడు ఎక్స్‌రే గొట్టం ఒకటి పెట్టి వెలిగించాడు. అది చల్లటిది కాబట్టి దాని గీత వెంట్రుకంత సన్నగా రావాలి.

వానపాములా పడింది.

"వేడెంతో లెక్క కట్టు."

పరాంకుశం కట్టాడు. మొహం మాడిపోయింది. "నాలుగు కోట్ల డిగ్రీలు, సార్."

సారు గొట్టం ఆర్పి, తీసి వాడి అరచేతిలో పెట్టాడు.

"కాలిందా?"

"అంటే? తప్పు నాదా? మీరూ ఆవిడ పక్షమేనా?" అని అరిచాడు వాడు.

సారు స్క్రూడ్రైవర్ అందించాడు.

వాడు విసురుగా లాక్కుని ఒక స్క్రూ వదులు చేశాడు. గొట్టం మళ్ళీ వెలిగించారు. గీత కొంచెం చిక్కింది. ఇంకో స్క్రూ. ఇంకా చిక్కింది. ఆఖరిదానికి వెంట్రుకే!

బిగించిన బిగింపుకి పలక వంగిపోయి, లేని నాలుగు కోట్లు గీతకి కలిపింది మరి.

"ఇంకోటి బిగిసే ఉంది బాబూ," అన్నాడు సారు.

పరాంకుశం పలక చుట్టూ వెతికాడు. పైన లేదు, కింద లేదు. తలెత్తితే, సారు వాడి దవడ వంకే చూస్తున్నాడు.

వాడు స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, నెమ్మదిగా శమంతక గదికి నడిచాడు.

పొద్దున బోర్డు మీద నాలుగు కోట్లు రాసుంది. వాడి చేతిరాతే.

కోతలంటారా? అయితే వెళ్ళి ఆ మంటలో కొలిచి రండి. థర్మామీటర్ నేనే ఇస్తా. నాది నాకు తిరిగి తెచ్చివ్వండి, చూద్దాం!