ప్రహరీ మీద చీరలు

సిస్టర్ శౌరీలమ్మ ఒక కాగితం పట్టుకుని ఆ రోజు మదర్ గది దగ్గరికి మూడుసార్లు తిరిగింది. మొదటి రెండుసార్లూ మదర్ జోజమ్మ జపమాలలో ఉంది. మూడోసారి మధ్యాహ్నం, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ దొరికింది.

పల్నాడులో కన్యస్త్రీలు నడిపే ఆసుపత్రి అది. అరవై మంచాలు. మదర్ నలభై ఏళ్లు అక్కడే నర్సుగా పనిచేసి, మోకాళ్లు మొరాయించాక మఠం పెద్దగా కూర్చుంది. శౌరీలమ్మ చదువుకున్న పిల్ల, పట్టుదల మనిషి. రెండేళ్ల కిందట దుప్పట్ల గదీ లాండ్రీ ఆమెకి అప్పగించారు. అంతకుముందు ఆ గదిలో దుప్పటి అడిగితే దిండు గలీబు దొరికేది, గలీబు అడిగితే తువ్వాలు దొరికేది. ఇప్పుడు బీరువా తెరిస్తే తెల్లటి ఇస్త్రీ మడతలు వరసలో ఉంటాయి. ఆ బీరువా తలుపు తీసి ఊరికే చూసుకుంటుందని నర్సులు చాటుగా నవ్వుకునేవాళ్లు. అబద్ధమేమీ కాదు.

ఆ కన్యస్త్రీల సభకి ఇలాంటి ఆసుపత్రులు ఏడున్నాయి. ఏడింటి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకుందామని ఆ ఏడాది అనుకున్నారు. ఒకరు బాగా చేసేది మిగతావాళ్లు నేర్చుకుంటారు కదా, మంచి ఆలోచనే. ఒక్కో మంచానికి రోజుకి ఎన్ని కిలోల గుడ్డలు ఉతుకుతున్నారన్నది అందులో ఒక లెక్క.

"మదర్, మిగతా ఆరు చోట్లా రెండున్నర నుంచి మూడు కిలోలు. మనది కిలోంబావు!"

మదర్ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "కిలోంబావేనా?"

"నేను పెట్టిన పుస్తకం వల్లే మదర్. రోజుకి మంచానికి ఒక దుప్పటి. రెండోది కావాలంటే నర్సు పుస్తకంలో రోగి పేరు, కారణం రాసి సంతకం పెట్టాలి. దాంతో దుబారా ఆగిపోయింది. మన పద్ధతి రాసి పంపమని ఆరు చోట్ల నుంచీ అడుగుతున్నారు. సోమవారం నుంచి వాళ్లూ మొదలుపెడతారట. మీరు సంతకం చేస్తే ఈ రోజే పంపేస్తాను."

మదర్ సంతకం చెయ్యలేదు. కాగితం తీసుకుని ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి ఎండ ఎంత ఉందో చూసింది.

"ఆ కర్ర ఇలా ఇవ్వు. వెనకవైపు పోయొద్దాం."

వార్డుల వెనక పొడవాటి ప్రహరీ గోడ. ఈ చివర నుంచి ఆ చివర దాకా దాని మీద గుడ్డలు ఆరేసి ఉన్నాయి. పూల చీరలు, గళ్ల లుంగీలు, చిరుగుల దుప్పట్లు, రెండు ముక్కలుగా చింపిన పంచె.

"ఏంటివి?" అంది మదర్.

"రోగులతో వచ్చినవాళ్ల బట్టలు. గోడ మీద ఆరెయ్యొద్దని బోర్డు కూడా పెట్టించాను. వినరు."

మదర్ ఒక పాత వంకాయరంగు చీర లాగింది. అంచు ఇంకా తడిగానే ఉంది. నాలుగు మడతలు పెట్టి శౌరీలమ్మ చేతికిచ్చింది.

"ఎవరిదో కనుక్కుని ఇచ్చిరా. నేనిక్కడ కూచుంటా."

"ఇప్పుడా మదర్? మూడయింది, నేను లాండ్రీలో..."

"ఇప్పుడే."

శౌరీలమ్మ రోజూ వార్డుకి వెళ్లేది, కానీ పొద్దున తొమ్మిదింటికి, డాక్టరుగారి రౌండ్స్‌తో. అప్పుడు ప్రతి మంచం మీదా తెల్ల దుప్పటి మెరుస్తూ ఉండేది. మూడింటికి ఆమె ఎప్పుడూ అక్కడ అడుగుపెట్టలేదు. గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. పదహారు మంచాలు. ఒక్కదాని మీదా తెల్ల దుప్పటి లేదు. అన్నీ రంగు చీరలే.

ఆమెని ముందుగా చూసింది పుల్లమ్మ. ఆమె భర్త కోటయ్యకి పక్షవాతం వచ్చి అక్కడ చేరి పన్నెండు రోజులు. పుల్లమ్మ గబుక్కున లేచి, ఆయన దిండు కింద నుంచి పేపరు చుట్టిన పొట్లం లాగింది. లోపల తెల్ల దుప్పటి, ఇస్త్రీ మడత నలక్కుండా ఉంది.

"రవుండ్సా అమ్మా? మళ్లీ వస్తారని ఎవరూ చెప్పలా. ఒక్క నిమిషం, పరిచేస్తా." ఒక చేత్తో దుప్పటి పట్టుకుని రెండో చేత్తో భర్తని పక్కకి దొర్లించబోయింది. ఆమెని చూసి మిగతావాళ్లూ లేచారు. వార్డంతా పేపర్లు గరగరలాడాయి.

"పరవొద్దు, ఉండండి," అంది శౌరీలమ్మ. "ఎందుకు దాచిపెట్టావమ్మా?"

"మాసిపోద్దిగదమ్మా. రెండోది అడిగితే పుస్తకంలో రాయాలంట, నర్సమ్మకి మాటొస్తదంట. ఆ పిల్ల మంచిది, నావల్ల దానికి మాట రావటం ఎందుకని ఇంటికాడి పాత చీరలు తెప్పించుకున్నా. ఉతుక్కుంటన్నాగా."

"రోజుకి ఎన్నిసార్లు?"

"ఇయ్యాల ఐదు. ఆయనకి తెలవదు గదా, పడకలోనే అయిపోతది."

సబ్బుకి ఆమె వేళ్ల సందులు ఒరిసి ఎర్రగా ఉన్నాయి. శౌరీలమ్మ కోటయ్య భుజం పట్టి మెల్లగా ఒత్తిగిలించింది. కింద పరిచిన చీర పూర్తిగా ఆరలేదు. నడుం దగ్గర రూపాయి బిళ్లంత మేర చర్మం ఊడి పచ్చిగా ఉంది.

"నిన్న మబ్బు పట్టిందమ్మా, చీర ఆరలా. అందుకే," అంది పుల్లమ్మ, తప్పు తనదైనట్టు.

శౌరీలమ్మకి సిగ్గేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చూసి పుల్లమ్మ ఇంకా భయపడింది. సిస్టర్ చేతిలో చీర చూసి మాత్రం, "అది నాదే. ఆరిందా?" అని చెయ్యి చాపింది.

శౌరీలమ్మ చీర ఇచ్చి, గబగబా వెళ్లి దుప్పట్ల గది తెరిచింది. చేతులకి ఎన్ని పడితే అన్ని మోసుకొచ్చింది. కోటయ్య కింద రెండు పరిచి, పుండు కడగడానికి నర్సుని పిలిచింది. ఆ పిల్ల వస్తూనే అలవాటు కొద్దీ పుస్తకం తెరిచి కలం అందుకుంది. శౌరీలమ్మ పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకుంది.

వెనక్కి వచ్చేసరికి మదర్ గోడ పక్కన బట్టలుతికే బండ మీద కూచుని ఉంది.

"ఇచ్చావా?"

"ఇచ్చాను మదర్."

మదర్ కాగితం అందించింది. శౌరీలమ్మ దాన్ని నాలుగు ముక్కలు చేసింది.

మర్నాడు పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దుగూకేదాకా లాండ్రీ కాటా పెట్టుకుని ఆమె గోడ పక్కనే కూచుంది. ఆరిన ప్రతి గుడ్డా తూచింది. "సిస్టరుగారు పాత చీరలు కొంటన్నారా?" అని ఆడవాళ్లు నవ్వారు. అవీ లాండ్రీ ఉతికినవీ కలిపితే మంచానికి రెండు కిలోల ఆరువందల గ్రాములు తేలింది. ఆమె ఆసుపత్రి కూడా మిగతా ఆరింటిలాంటిదే.

ఆరు చోట్లకీ ఉత్తరం వెళ్లింది. అందులో పద్ధతేమీ లేదు. తన తప్పు ఏమిటో ఉన్నదున్నట్టు రాసి, లెక్కల పట్టికలో ఇంకో గడి చేర్చమంది: ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డలు. రౌండ్స్ లేని వేళ వెళ్లి చూడమని కింద రాసింది. మా దగ్గర అలాంటివి లేవని ఒక సిస్టర్ వెంటనే జవాబిచ్చింది. పది రోజులకి ఆ సిస్టరే పెద్ద ఉత్తరం రాసింది.

నెల తిరిగేసరికి కోటయ్య పుండు మానింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తూ ఇంటికి వెళ్లాడు. వెళ్లేముందు పుల్లమ్మ తెల్ల దుప్పటి ఉతికి, మడతపెట్టి తెచ్చింది. "వద్దన్నానుగా," అంది శౌరీలమ్మ. "అలవాటైపోయిందమ్మా," అంది పుల్లమ్మ.

మూడు నెలలకి కొత్త లెక్కలు వచ్చాయి. శౌరీలమ్మ కాగితం పట్టుకుని మదర్ గదికి వెళ్లింది. ఈసారి ఒక్కసారే వెళ్లింది, అదీ కాళ్లీడ్చుకుంటూ.

"మదర్, మనది మూడు కిలోలు దాటింది. ఏడింటిలో ఏడో స్థానం. అందరికంటే ఎక్కువ ఉతుకుతున్నాం."

మదర్ కళ్లజోడు కోసం వెతుక్కోలేదు. కాగితం కూడా అడగలేదు.

"ఆ కర్ర ఇలా ఇవ్వు."

ఇద్దరూ వెనకవైపు వెళ్లారు. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీగా ఉంది. దాని మీద ఒక కాకి మాత్రం వాలి ఉంది. పెచ్చులూడినచోట ఇటుకలు బయటపడ్డాయి, మిగతాచోట్ల నాచు పట్టి నల్లబడింది.

మదర్ కర్రతో గోడని తట్టింది.

"ఈ గోడకి సున్నం వేయించాలే శౌరీలూ. ఇన్నాళ్లూ కనబళ్లేదు."